ఎద్దుకిచ్చిన సూది

"ఒక్క సూది. ఒక్కటంటే ఒక్కటే. అందరికీ పరేషాన్ తప్పుతది," అంది ఈదమ్మ.

డాక్టర్ జయశ్రీ అప్పుడే జీపు దిగి వచ్చింది. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

నయం కాని జబ్బులకు ఇళ్ళకే వచ్చి మందిచ్చే డాక్టరు ఆమె. ఉప్పునుంతల చుట్టుపక్కల ఆ జీపు ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివైపు జనం జాలిగా చూస్తారు. ఈదమ్మ ఇంటివైపు మాత్రం చెవులు రిక్కించి చూస్తారు. మంచం మీద నుంచి ఆమె మాట్లాడితే కిరాణా కొట్టు దాకా వినబడుతుంది మరి.

"ఏ సూది ఈదమ్మా?" అంది జయశ్రీ, తెలిసి కూడా.

"పానం పొయ్యేది."

గోడకు ఆనుకుని చాప మీద కూలబడి ఉన్న మాసయ్య తల వంచుకున్నాడు.

"జర మెల్లగ వదినె. అన్న ఇంటున్నడు," అన్నాడు మాసయ్య తమ్ముడు అనంతయ్య. వనపర్తి నుంచి పొద్దున్నే వచ్చాడతను.

"ఇననీ. పెండ్లయినకాంచి ఇంటనే ఉన్నడు." ఈదమ్మ డాక్టరు వైపు తిరిగింది. "ఆ మనిషిని జర సూడుండ్రి డాక్టరమ్మా. పల్లికాయ బస్త భుజమ్మీదేస్కొని గట్టు దాటేటోడు. ఇప్పుడు చెంబు ఎత్తాల్నంటే చెయ్యి వణుకుతున్నది. తిండి లేదు. నిద్ర లేదు. నేను కండ్లు మూస్కున్ననుకొని ఏడుస్తడు. గిదొక బతుకా? నేనైతె సూడలేను."

జయశ్రీ చూసింది. కళ్ళు గుంతలు పడ్డాయి. గడ్డం మాసింది. చొక్కా వేరే ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది.

"నువ్వేమంటవు మాసయ్యా?"

"నేను ఒప్పుకోను మేడం. పట్నం పోదాం. పెద్ద దవాఖానల మిషన్లు పెడ్తరంట."

"పట్నం లేదు, మిషన్ లేదు," అంది ఈదమ్మ. "ముక్కుల పైపు, నోట్ల పైపు పెట్టి పురుగుల మందు కొట్టే డబ్బ లెక్క చేస్తరు. బతకనియ్యరు, సావనియ్యరు."

"పెండ్లాం నోట్లకెల్లి రావాల్సిన మాటేనా గది?" అనంతయ్య ఊరుకోలేకపోయాడు.

"మొగని నోట్లకెల్లి వస్తలేదు. ఎవరో ఒకరు అనాలె గద. నువ్వు పోయి టెంటు మాట్లాడు. పెండ్లిళ్ళ దినాలు, ఆఖరికి దొరకది."

"నా ముంగట్నే టెంటు ముచ్చటనా," అన్నాడు మాసయ్య నీరసంగా.

"మరి రేపు నువ్వు ఉరుకుతవా టెంటు కోసం?"

వాకిట్లో ఎవరో నవ్వి, వెంటనే దగ్గినట్టు సర్దుకున్నారు.

జయశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఈదమ్మా, నేను సూదిచ్చి పానం తీస్తే నన్ను జైల్ల పెడ్తరు. చట్టం ఒప్పుకోదు. నా మనసు కూడా ఒప్పుకోదు."

"నిరుడు మా ఎద్దు నడుం ఇరిగి పడ్డది. పశువుల డాక్టరొచ్చి సూదిచ్చిండు. అప్పుడు చట్టం యాడికి పోయింది? గీ అనంతయ్యనే ఆ డాక్టరుకు దండం పెట్టి, చాయ తాపి పంపిండు. ఎద్దుకున్నంత విలువ మనిషికి లేదా?"

"ఎద్దు అడగలేదు గద ఈదమ్మా."

"గదే నేననేది. అడగని దానికి ఇస్తరు. నోరు తెరిచి అడిగితె ఇయ్యరు."

జయశ్రీ చదువుకునేటప్పుడు దీని మీద ఒక రోజంతా చర్చ జరిగింది. ఎద్దు సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు.

"చూడు," అంది జయశ్రీ. "మిషన్ల ముచ్చట నువ్వన్నట్టే నడుస్తది. ఎవ్వరూ బలవంతంగ పైపులు పెట్టరు. దవాఖానల గూడ నేనే చెప్త. చావును పిలువను, వస్తుంటే అడ్డం పడను. నొప్పి మాత్రం ఉండనియ్య. నాతోని అయ్యేది గదే."

మాసయ్య చాప అంచు పట్టుకుని పీకుతూ కూర్చున్నాడు. "పెండ్లయినకాంచి అన్నీ దానిష్టమే," అన్నాడు.

అనంతయ్య ముఖం గోడకు తిప్పుకున్నాడు.

జయశ్రీ సంచి తెరిచింది. "నొప్పి తగ్గేది తెచ్చిన. ఇయ్యాల రాత్రి ఇంట్ల అందరికి నిద్ర పడ్తది."

"ఆగుండ్రి," అంది ఈదమ్మ. "ముందు బువ్వ తినాలె. తినకుంటె సూది ముట్టనియ్య."

"ఖాళీ కడుపుతోనైనా ఇయ్యొచ్చు ఈదమ్మా."

"మీ లెక్క మీది. నా లెక్క నాది."

అనంతయ్య లోపలికి వెళ్ళి పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చి అన్న ముందు పెట్టాడు. మాసయ్య రెండు ముద్దలు మింగి పళ్ళెం జరిపాడు.

"అయిపాయెనా?"

"సాలు."

"అట్లయితె డాక్టరమ్మను పొమ్మంట."

మాసయ్య పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళ నీళ్ళు అన్నంలో పడుతున్నా తుడుచుకోకుండా కలుపుకుని తిన్నాడు. ఈదమ్మ పంతులమ్మలా చూస్తూనే ఉంది. పళ్ళెం ఖాళీ అయ్యాక జయశ్రీకి కళ్ళతోనే సరేనంది. జయశ్రీ సూదిలోకి మందు ఎక్కించింది.

మాసయ్య చెయ్యి కడుక్కుని మంచం దగ్గరికి వచ్చి, ఇక లేచి నడవలేని ఈదమ్మను పసిపిల్లలా ఒడిలోకి ఎత్తుకుని, ఎముకలే మిగిలిన ఆమె చేతిని సూది కోసం డాక్టరమ్మ ముందు చాపాడు.