చెక్కలు ఒప్పుకున్న మాట

"రాడని చెప్పేశారుగా దేవుళ్ళు. ఇంక నన్ను వదిలెయ్యి అత్తా," అంది లీచూ.

దేవుళ్ళను ప్రశ్న అడిగి విసిరే రెండు చంద్రవంక చెక్కలూ గుడి నేల మీద బోర్లా పడి ఉన్నాయి. రెండూ బోర్లా పడితే కాదని. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని. "నా కొడుకు అషూయ్ తిరిగొస్తాడా?" అని అడిగిన ముసలమ్మ మొహం మాడిపోయింది. చేపలవేటకు పోయిన లీచూ మొగుడు అషూయ్ జాడ ఏడాదిగా లేదు. పక్క దీవిలో పడవలు కట్టే మేస్త్రి లీచూను చేసుకుంటానంటున్నాడు. అత్త ఊఁ అననిదే ఆమె గడప దాటడానికి లేదు.

"దిక్కులేని పీనుగల్లారా!" ముసలమ్మ వరసగా పేర్చిన మట్టికుండల మీద విరుచుకుపడింది. "రోజూ నా చేతి కూడు తిని, ఇదా మీరు చెప్పేది?"

ఈ గుళ్ళో దేవుళ్ళంటే ఆ కుండలే. వలలో శవం పడితే ఈ ఊరి జాలర్లు నీళ్ళలోకి తోసెయ్యరు. చేపలు కొరికి ఆనవాలు లేకుండా పోయినా సరే, ఒడ్డుకు తెచ్చి, ఎముకలు కుండలో పెట్టి, దణ్ణం పెట్టుకుంటారు.

"తిట్టకమ్మా, వింటారు," అన్నాడు గుడి చూసుకునే కే తాత.

"వినాలనే తిడుతున్నా!" ముసలమ్మ చెక్కలు ఏరి మళ్ళీ విసిరింది. "నా బిడ్డ ఆ సముద్రంలోనే ఉండిపోయాడా?"

మళ్ళీ రెండూ బోర్లా.

"చూశావా! సముద్రంలో లేడు! నా బిడ్డ బతికే ఉన్నాడు!" ముసలమ్మ చప్పట్లు కొట్టింది. "నీ మేస్త్రిని ఇంకో పిల్లని చూసుకోమను."

లీచూకు ఒళ్ళు మండిపోయింది. ఈ ముసలిది తనను బతకనివ్వదు. వంగి చెక్కలు లాక్కుంది.

"తిరిగి రాడంట. సముద్రంలోనూ లేడంట. మరి ఎప్పుడో వచ్చేసి ఇక్కడే కూర్చున్నాడా, దొరల్లారా?" అంటూ విసిరికొట్టింది.

ఒకటి బోర్లా. ఒకటి వెల్లకిలా.

లీచూ నవ్వబోయి ఆగింది. మళ్ళీ విసిరింది. అదే జవాబు. మూడోసారీ విసిరింది. అయినా అదే.

ముసలమ్మ చప్పట్లు ఆగిపోయాయి. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

కే తాత చెక్కలు తీసి ముసలమ్మ చేతిలో పెట్టాడు.

"ఏ కుండో అడుగమ్మా."