ఎండ అనే సవతి

పచ్చచర్మం చికిత్స వచ్చాక ఊళ్ళో పొయ్యిలు చాలావరకు ఆరిపోయాయి. నీళ్ళు తాగి ఎండలో పడుకుంటే చాలు, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో ఆకు చేసుకున్నట్లే మనిషి ఒళ్ళూ చక్కెర చేసుకుంటుంది. హైమవతి శరీరానికి మాత్రం ఆ చికిత్స పడలేదు. ఆమె ఒక్కతే వండుకొని, ఒక్కతే తింటోంది. భర్త పురుషోత్తం పగలంతా డాబా మీదే ఉంటాడు. వంటింటి గడప తొక్కడు.

బడిలో జీవశాస్త్రం బోధించిన హైమవతికి ఎండ వెలుగే తప్ప ఆడది కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన ఆమె కడుపుమంట చల్లారలేదు.

ఆషాఢంలో ముసురు పట్టింది. వారం తిరిగేసరికి పురుషోత్తం నీరసంతో గోడ పట్టుకొని కిందికి దిగాడు.

"హైమా, కాస్త అన్నం పెడతావా?"

"ఏం, పైనున్న ఆవిడ పెట్టలేదా?"

"మబ్బు చాటుకు పోయిందే."

"అందుకా నేను గుర్తొచ్చాను" అంటూనే ఆమె కంచం పెట్టి, పప్పుచారు పోసింది. అతడు ఆబగా తిన్నాడు.

మారు వడ్డిస్తుండగా మబ్బు విడి, కిటికీలోంచి ఎండ అతడి భుజం మీద పడింది. పచ్చని చర్మం నిగనిగలాడింది. కంచంలో అతడి చెయ్యి ఆగింది.

హైమవతి లేచి వెళ్ళి కిటికీ తలుపు మూసింది.