వంకలాయన

"ఉప్పు చాల్లేదమ్మాయ్."

కిటికీ అవతల నిలబడి, బర్గరు ఒక్క ముక్క కొరికి, పెద్దాయన తీర్పు చెప్పేశాడు.

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

కిటికీ ఇవతల ఆవిడ మొగుడికి ఒళ్ళు మండింది. "రోజూ ఏదో ఒక వంక. వంకలాయన అని పేరు పెట్టేశా ఈయనకి" అని గొణిగాడు, బన్నులు కోస్తూ.

ఆవిడ పెనం మీద కాలుతున్న బీఫ్ బిళ్ళల మీద ఇంకో చిటికెడు ఉప్పు చల్లింది.

వాళ్ళ వంటింటి కిటికీయే వాళ్ళ కొట్టు. మధ్యాహ్నం అయ్యేసరికి చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళు వచ్చి వరస కడతారు. ఇంట్లో చేసిన బీఫ్ బర్గరు, అదొక్కటే సరుకు.

కీమాలో ఆవిడ కలిపేవి ఉల్లిపాయ తరుగు, మిరియాల పొడి, కాస్త ఆవపొడి. అంతే. ఉప్పు ముందే కలిపితే మాంసం బిగుసుకుపోయి రబ్బరు ముక్కలా తయారవుతుందని, బిళ్ళ పెనం మీద పడ్డాకే పైన చల్లుతుంది.

ఎంత చల్లాలో చేతికి అలవాటే. కానీ సరిపోయిందో లేదో చెప్పాల్సింది నాలుక.

ఆ నాలుకే పోయింది. మొన్న వానాకాలంలో వచ్చిన జ్వరం, పోతూ పోతూ రుచినీ వాసననీ పట్టుకుపోయింది. ఉప్పు వేసినా మట్టి వేసినా ఆవిడకి ఒకటే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. రుచి తెలియని మనిషి చేతి వంట ఎవరు తింటారు?

మొగుణ్ణి రుచి చూడమంటే పోయేదిగా అంటారేమో. ఆ ముచ్చటా అయింది. ఆయనకి మాడిన బిళ్ళ పెట్టినా "అదిరిందే" అంటాడు. ప్రేమ ఎక్కువైతే అదో చిక్కు.

ఇక మిగిలిన దిక్కు వంకలాయనే. వరసలో అందరికంటే ముందు ఆయనే ఉంటాడు. "మిరియాలు ఘాటెక్కాయి" అంటే ఆవిడ మిగతా కీమాలో ఇంకాస్త మాంసం కలిపేది. "ఉప్పు ఎక్కువైంది" అంటే చెయ్యి బిగబట్టేది. ఆయన మాట్లాడకుండా తిని వెళ్ళిపోతే, ఆ పూటకి గండం గడిచినట్టే.

ఇంతలో ఓ రోజు పొద్దున్నే ఫోను వచ్చింది. ఊరి చివర పెద్ద ఫ్యాక్టరీలో క్యాంటీను మేనేజరు.

"మా వంటగదికి మనిషి కావాలమ్మా. మీ పేరు చెప్పారు. రేపు మధ్యాహ్నం వచ్చి తిని చూస్తాను. బాగుంటే వంటగది మీ చేతిలో పెడతాం."

మొగుడు గాల్లో తేలిపోయాడు. కాసేపటికి నేల మీదికి దిగి, "రేపు ఆ వంకలాయన మేనేజరు ముందు నోరు పారేసుకున్నాడంటే మన కొంప మునుగుతుంది. ఇవాళే చెప్పేస్తా" అన్నాడు.

"పెద్దాయన, పోనీలెండి. రానివ్వండి ఆయన్ని."

"ఎందుకే?"

ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఆవిడ కీమా గిన్నె ముందుకు లాక్కుంది.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. ఆ రోజెందుకో మొహం కళకళలాడుతోంది. ఏదో చెప్పబోయాడు.

"చూడండి, మా తిండి మీకు నచ్చట్లేదుగా. ఇకనించి రాకండి" అన్నాడు మొగుడు.

పెద్దాయన ఆవిడకేసి చూశాడు. "నీ మాటా అదేనా అమ్మాయ్?"

వద్దు, వెళ్ళకండి బాబాయ్‌గారూ అని గొంతు దాకా వచ్చింది. మొగుడు పక్కనే ఉన్నాడు, వరసలో జనం వింటున్నారు. ఆవిడ తల వంచుకుని ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయింది.

"సరే. చల్లగా ఉండండి" అని ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు మేనేజరు వచ్చి, వంటింట్లోనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

ఆవిడ బిళ్ళ పెనం మీద వేసి ఉప్పు చల్లింది. చివర్న చిన్న ముక్క తుంచి అలవాటుగా నోట్లో వేసుకుంది. ఏమీ తెలియలేదు. చెప్పడానికి కిటికీ అవతల పెద్దాయన లేడు.

మేనేజరు ఒక ముక్క కొరికాడు. నమలడం ఆపి, కాగితంలో ఊసి, గ్లాసెడు నీళ్ళు తాగాడు.

"ఇంత ఉప్పేంటమ్మా?"

మొగుడి మొహం పాలిపోయింది. "ఉప్పు చాల్లేదని ఆ వంకలాయన అన్నాడని... పొద్దున కీమాలో నేనూ కాస్త కలిపానే" అని నసిగాడు. అంతలోనే అనుమానం వచ్చింది. "అయినా నువ్వు ముక్క నోట్లో వేసుకున్నావుగా. తెలియలేదూ?"

"తెలియదండీ" అంది ఆవిడ. "జ్వరం వచ్చినప్పట్నించీ నాకు ఏ రుచీ తెలియట్లేదు."

మొగుడు ఉన్నచోటే కూలబడ్డాడు.

మేనేజరు మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆ సంగతి నాకు ముందే తెలుసమ్మా. తెలిసే వచ్చాను" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మా పాత వంటాయన. మీ పేరు చెప్పిందీ ఆయనే. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని మీ దగ్గర బయటపడలేదట. ఆయన పక్కనుంటాడన్న ధైర్యంతోనే నేను సరేనన్నాను. ఇవాళ పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. ఎంత బతిమాలినా ఆగలేదు. అయినా మీకు మాటిచ్చానని వచ్చాను. ఇప్పుడు మిమ్మల్ని ఒక్కర్నే ఎలా తీసుకోను?"

"ఆయనెవరో నాకు తెలియదే. నా పక్కన ఎందుకుంటానన్నాడు?" అంది ఆవిడ.

మేనేజరు లేచి నిలబడ్డాడు.

"తెలియకేం, 'నాకు ఒంట్లో ఓపిక పోయింది, ఆ అమ్మాయికి నాలుక పోయింది, పక్కనే పీట వేసుకు కూర్చుని రుచి నేను చూసిపెడతా, వంట అమ్మాయి చేస్తుంది' అని నా వెంటపడ్డాడు, నిన్న మీరు రావద్దని పంపేసిన ఆ పెద్దాయన."