డెబ్బై–ముప్పై

పగిలిన టార్చిలైటు గొట్టం ఒకటి జేబులో వేసుకుని యజమాని పెద్ద మేస్త్రీ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. గంట నొక్కడానికి చెయ్యి లేవడం లేదు. టన్నుల లెక్కన ఇత్తడి కొని అమ్మిన చెయ్యి. ఇప్పుడు ఒక్క వేలు బరువైపోయింది.

తప్పు ఎవరిదో దారి పొడుగునా తూకం వేసుకుంటూనే వచ్చాడు. ఎటునుంచి వేసినా ముల్లు తనవైపే ఒరిగింది.

ఏడు నెలల కిందటి మాట. పెద్ద ఆర్డరు వచ్చింది. ఇత్తడి రేకును ప్రెస్ కింద పెట్టి టార్చిలైటు గొట్టాలు లాగాలి. రాగి అరవై పాళ్ళు, జింకు నలభై పాళ్ళు కలిసిన రేకు చవక. అదే కొందామన్నాడు యజమాని.

"అది మొండి సరుకు. వేడి మీదైతే మాట వింటుంది గానీ, చల్లగా లాగితే చీలుతుంది. డెబ్బై–ముప్పై కావాలి. అది సాగుతుంది," అన్నాడు పెద్ద మేస్త్రీ. ఆ షెడ్డులో మొదటి ప్రెస్ బిగించిన మనిషి ఆయన. యజమాని సణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

గొట్టాలు అద్దాల్లా వచ్చాయి. మూడు వారాలు అరల్లో ఉన్నాయి. ఒక ఉదయం చూస్తే నాలుగు అరల సరుకు నిలువునా చీలి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. వాటంతటవే పగిలాయి. ఆర్డరిచ్చినవాళ్ళు సరిగ్గా ఆ రోజే సరుకు చూసుకోవడానికి వచ్చారు.

వాళ్ళ ముందు, అరవై మంది పనివాళ్ళ ముందు, యజమాని నోరు జారాడు.

"సాగుతుంది, సాగుతుంది అని నా కొంప ముంచారు కదా! కళ్ళు ఆననప్పుడు ఇంట్లో కూర్చోవాలి. రేపట్నుంచి ఇక్కడికి రానక్కర్లేదు."

పెద్ద మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "సరే సార్," అన్నాడు.

గుడ్డ మడిచి ప్రెస్ మీద పెట్టి బయటికి నడిచాడు.

ఆ తర్వాత యజమాని సొంత తెలివినే నమ్ముకున్నాడు. అరవై–నలభై తెప్పించాడు. అది ప్రెస్ కిందే ముక్కలైంది. "సార్, ఇది రేకా, బిస్కెట్టా?" అన్నాడు ప్రెస్ నడిపేవాడు. ఈసారి జింకు బాగా తగ్గించి ఎనభై అయిదు–పదిహేను తెప్పించాడు. చక్కగా సాగింది. కానీ రంగు ఎర్రబారింది. "ఇత్తడి అడిగితే రాగి పంపుతారేమిటండీ?" అని కొన్నవాళ్ళు తిప్పి పంపారు. చేసేది లేక మళ్ళీ డెబ్బై–ముప్పైకే వచ్చాడు. మళ్ళీ పగిలాయి. అవే నాలుగు అరలు.

లోహాలు పరీక్షించే ఆవిడను పిలిపించాడు. ఆవిడ గొట్టాలు తర్వాత చూసింది, ముందు ముక్కు ఎగబీల్చింది. ఆ నాలుగు అరల వెనకే చిన్న గది. అందులో నేల కడిగే మందు డబ్బాలు.

"ఇందులో అమోనియా ఉందండీ. ప్రెస్ కొట్టిన ఇత్తడికి దీని ఆవిరి తగిలితే చాలు, చీలిపోతుంది. ఏ మహానుభావుడు పెట్టించాడు ఇక్కడ?"

ఆర్డరిచ్చినవాళ్ళ కంటికి షెడ్డు తళతళలాడాలని ఆ డబ్బాలు కొన్నది యజమానే. దగ్గరుండి ఆ గదిలో పెట్టించిందీ ఆయనే.

వేలు చివరికి గంట నొక్కింది.

పెద్దావిడ తలుపు తీసింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఏమండీ, ఎవరొచ్చారో చూడండి," అని లోపలికి కేకేసింది. మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది.

పెద్ద మేస్త్రీ వచ్చాడు. కుర్చీ మీది దుమ్ము దులిపాడు. "కూర్చోండి సార్."

యజమాని కూర్చోలేకపోయాడు. గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. దారిలో కూడబలుక్కున్న మాటల్లో సగం ఎగిరిపోయాయి.

"రేకు తప్పు కాదు. నేల కడిగే మందులో అమోనియా ఉంది. ఆ డబ్బాలు నేను పెట్టించినవే. మీ తప్పు ఇసుమంత కూడా లేదు."

పెద్ద మేస్త్రీ గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టి చీలిక వెంట గోరు నడిపాడు. ముఖం విచ్చుకుంది.

"అమోనియానా! నాకు తట్టనే లేదు సార్. ఇన్నాళ్ళూ నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. కళ్ళజోడు కూడా మార్పించుకున్నాను."

యజమాని తల ఇంకాస్త దిగింది.

"రేకు మాత్రం మార్చకండి సార్. డబ్బాలు అక్కణ్ణుంచి తీయించండి. గొట్టాలు లాగాక సన్నటి సెగ మీద కాసేపు వేడి చేయించండి. లోపలి బిగువు వదులుతుంది. ఇక పగలవు."

"మీరే వచ్చి చేయించండి. అరవై మందినీ నిలబెట్టి, తప్పు నాదేనని చెబుతాను."

"వద్దు సార్. పనివాళ్ళ ముందు యజమాని తగ్గకూడదు. వాళ్ళకి పని వచ్చు, చూసుకుంటారు."

నవ్వుతూనే అన్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టుకు తిట్టు చెల్లయిపోయేది. ఈ మర్యాదకు ఎదురు ఏం పెట్టాలో బేరాల్లో ఆరితేరిన యజమానికి తోచలేదు.

"అయితే ఇక రానంటారా?"

"వయసైపోయింది సార్," అంటూ పెద్ద మేస్త్రీ గుమ్మం దాకా వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్ళను సాగనంపినట్టు చేతులు జోడించాడు. తలుపు మెల్లగా మూసుకుంది.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగిన యజమాని అలాగే ఆగిపోయాడు. లోపలినుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"కన్నకొడుకండీ వాడు, ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే మీ నోరేమైనా అరిగిపోతుందా?"