భుజం మీద చెయ్యి

"ఈ చెయ్యి తీసెయ్యాల సాబూ."

ఎమ్మిగనూరు మగ్గాల నరసప్ప పాత ఫోటో ఒకటి బల్ల మీద పెట్టి, వేలితో చూపించాడు.

ఆదోనిలో ఫోటోలకు టచింగ్ చెయ్యాలంటే హుస్సేనే. బ్లేడు కొసతో గీకి, సన్నబ్రష్షుతో నల్లరంగు అద్ది, మచ్చలున్న మొగాన్ని నున్నగా చేస్తాడు. మూసిన కళ్ళు తెరిపిస్తాడు.

హుస్సేన్ భూతద్దం తీశాడు.

ఆదోని లక్ష్మమ్మవ్వ జాతరలో డేరా వేసుకున్న ఫోటోవాడెవడో తీసిన బొమ్మ. గళ్ళచొక్కా మనిషి బిగదీసుకుని నిలబడ్డాడు. పక్కవాడు తల కదిలించినట్టున్నాడు, ముఖమంతా అలుక్కుపోయింది. వాడి చెయ్యి మాత్రం గళ్ళచొక్కా భుజం మీద కదలకుండా ఉంది.

"ఈయన మా నాయన, గిడ్డయ్య. ఇంట్లో ఉండేది ఈ ఒక్క ఫోటోనే. కరువులో ఈ ఊరికే పత్తి జిన్నులో పనికొచ్చి, కలరాతో పోయినాడు. అప్పటికి మా చెల్లెలు కడుపులో ఉండె. ఇప్పుడు దానికి పెండ్లి. పెండ్లిపీట ఎక్కేలోపల నాయన మొగం పెద్దగా చూడాలంటాంది."

"పక్కన ఎవరు?"

"ఎవరికి తెలుసు? మనిషిని కత్తిరిస్తే పోతాడు. ఈ చెయ్యే తంటా. ఎవరి చేతికో కూడా మేము దండ వెయ్యాల్నా ఏంది?"

హుస్సేన్ నవ్వాడు. "బేస్తవారం రా అన్నా."

ఫోటోను మళ్ళీ ఫోటో తీసి, పెద్దది చేశాడు. పక్కమనిషిని కత్తిరించాడు. చెయ్యి మిగిలింది. దాన్ని గీకేశాడు. దాని కింద చొక్కా ఎట్లుందో ఎవరు చూశారు? చుట్టూ ఉన్న గళ్ళనే భుజం మీదికి సాగదీసి గీయసాగాడు.

బుధవారం పొద్దున ఒక ముసలాయన పింఛనుకు ఫోటో కావాలని వచ్చాడు. పేరు శేషన్న, దేవనకొండ అవతల పల్లె. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. ఆదోనిలో అది వింతేం కాదు. జిన్నుల్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి బజారులోనూ ఉంటారు.

ఫోటో తీయడం అయినా ఆయన పోలేదు. బెంచీ మీద కూర్చుని బల్లవైపే చూస్తున్నాడు. చూపు పాత ఫోటో మీదికి పోతోంది, మళ్ళీ బ్రష్షు మీదికి వస్తోంది.

"శుక్రవారం రమ్మంటి కదా తాతా."

"వస్తాలే అప్పా. చొక్కా బాగా కుట్టినావు."

"కుట్టేదేంది? గీస్తాంటే!"

"అదేలే."

అంతలో నూలు కోసం ఆదోనికి వచ్చిన నరసప్ప, పని ఎంతవరకు అయిందో చూద్దామని లోపలికి వచ్చాడు. చంకలో నూలు కట్ట.

"లెయ్యి పెద్దాయనా. ఊరికే కూర్చునేదానికి కాదు బెంచీ, ఈ నూలు పెట్టుకోవాల."

ముసలాయన లేచాడు. నూలు కట్ట బెంచీ మీద కూర్చుంది.

నరసప్ప ఫోటో చూసి పొంగిపోయాడు. "ఇప్పుడు సూడు, మా నాయన ఒక్కడే దొర మాదిరి ఉండాడు! ఆ చెయ్యి పోయినాక శని వదిలినట్లుంది. పెండ్లిలో దీనికే దండ."

"పెండ్లి ఎవరిది నాయనా?" ముసలాయన అడిగాడు.

"మా చెల్లెలిది. ఏం, భోజనానికి వస్తావా?"

"ఆడబిడ్డా!" ముసలాయన ముఖం విప్పారింది. "సల్లగుండాల."

అంటూనే నరసప్ప భుజం మీద చెయ్యి వేశాడు. నరసప్ప విదిలించుకున్నాడు. ముసలాయన ఏమీ అనుకోలేదు. చెప్పులు వేసుకుని మెల్లగా బస్టాండు వైపు నడిచాడు.

బేస్తవారం నరసప్ప తల్లి ఉచ్చీరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఉచ్చీరమ్మ పటం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఈయనే. నవ్వు అట్లనే ఉంది."

తర్వాత భుజం దగ్గర తడిమింది.

"ఈడ చినుగు ఏమాయె?"

"చినుగేందిమ్మా?"

"చొక్కా ఈడ బెత్తెడు చినిగిండె. కుట్టిస్తానంటి, నిలబడకుండా పనికి వచ్చేసె. ఆ చొక్కా ఇంకా పెట్టెలో ఉంది."

హుస్సేన్ పాత ఫోటో ఆమె ముందు పెట్టాడు. చినుగు ఉండాల్సిన చోటే చెయ్యి ఉంది. బెత్తెడూ కప్పేసింది.



"జాతరలో పదిమందీ చూస్తారని కప్పినాడేమో, పుణ్యాత్ముడు," అంది ఉచ్చీరమ్మ.

తనే మళ్ళీ చెప్పింది. "కలరా శవమని ఆ పొద్దు ఎవరూ ముట్టుకోలేదు. ఒకే ఒకాయన బండి కట్టుకొని ఇంటికి తెచ్చె. చొక్కా మడిచి నా చేతిలో పెట్టె. జేబులోనే ఈ ఫోటో ఉండె. గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా పాయె. మొగం చూసే స్థితి కాదు నాది. ఆ చెయ్యి ఒక్కటే గుర్తు. చిటికెన వేలు లేదు."

హుస్సేన్ భూతద్దాన్ని పాత ఫోటో మీద ఉంచి నరసప్పను పిలిచాడు.

భుజం మీది చేతికి నాలుగే వేళ్ళు.

"అట్లాంటి మనిషిని శని అంటిని," అన్నాడు నరసప్ప. "ఆ చెయ్యి మళ్ళా పెట్టగలవా సాబూ?"

"నేను తీసింది కాగితం మీదనే అన్నా. నెగటివులో ఇద్దరూ అట్లనే ఉండారు."

"పటంలో పెడతాం సరే," అంది ఉచ్చీరమ్మ, "ఆయప్పను ఇప్పుడు యాడని ఎతికేది?"

హుస్సేన్ లేచి వెళ్ళి, తీగ మీద ఆరుతున్న చిన్న ఫోటోలు తీసుకొచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నిన్న నీ కొడుకు ఈ బెంచీ మీదినుంచి ఒక తాతను లేపె చూడమ్మా, ఆయనే, రేపు వీటికోసం ఈడికే వస్తాడు."