గుర్రం పడే సీను

"ఆ ఒక్క ముక్కా కత్తిరించెయ్ బాబూ. గుర్రం పడే చోటు" అంది ఆవిడ.

ప్రొజెక్టర్ గది గుమ్మంలో నిలబడి ఉంది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. రీలు చుడుతున్న లెస్టర్ పూల్ తలెత్తి చూశాడు. సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆటకీ వచ్చి చివరి వరుసలో కూర్చుంటున్న మనిషే. పేరు మిసెస్ ట్రస్కాట్. ఎక్కణ్నుంచో రైల్లో వచ్చి, స్టేషన్ ఎదురుగా గదులు అద్దెకిచ్చే ఇంట్లో దిగింది. ఈ వయసులో హీరో వెర్న్ కల్లాహన్ మీద మనసు పడిందని టికెట్లమ్మే పిల్ల చెప్పి నవ్వింది. లెస్టరూ నవ్వాడు.

"అది కత్తిరిస్తే నా ఉద్యోగం కత్తిరిస్తారమ్మా. ఊరంతా ఎగబడి వస్తున్నది దానికోసమేగా."

ఆ మాట అబద్ధం కాదు. సినిమా సైలస్ రడ్ అనే బందిపోటు కథ. యాభై ఏళ్ల కిందట వాడు ఈ కాన్సాస్ గడ్డ మీదే రైళ్లు దోచాడు. వాణ్ని పట్టుకుని ఉరితియ్యండని కేకలు పెట్టినవాళ్ల మనవలే ఇవాళ తెరమీద వాడు తప్పించుకోవాలని ఈలలేస్తున్నారు. లోకం తీరే అంత. షెరీఫ్ మనుషులు తరుముతుంటే రడ్ గుర్రం కొండవాలు మీద దూసుకొస్తూ ఉన్నట్టుండి తలకిందులవుతుంది. రడ్ ఎగిరి రాళ్లలో పడతాడు. గుర్రం లేచి పరుగెడుతుంది. ఆ వెంటనే కల్లాహన్ మొహం తెరనిండా కనిపిస్తుంది. దుమ్ము దులుపుకుని నవ్వుతాడు. ఇక హాల్లో గోల చెప్పనక్కర్లేదు. 'ప్రాణాలకు తెగించి హీరో స్వయంగా చేసిన సాహసం' అని పోస్టర్ల మీద ఎర్రక్షరాలతో వేశారు కూడా.

"అదెలా తీస్తారో తెలుసా నీకు?" అంది మిసెస్ ట్రస్కాట్.

"నాకేం తెలుసు? డబ్బాలో వచ్చింది వేస్తాను. అంతే."

"గుర్రం ముందుకాళ్లకి సన్నటి తీగ కడతారు. రెండో కొస నేలలో పాతిన గుంజకి. దాన్ని వీలైనంత వేగంగా పరుగెత్తిస్తారు. తీగ పొడవు అయిపోగానే కాళ్లు లాగేసినట్టు కూలిపోతుంది. పడబోతున్నానని దానికి తెలీదు."

లెస్టర్ చెయ్యి ఆగిపోయింది. మొన్నమొన్నటిదాకా అతనిదీ సేద్యమే. దుమ్ము తుఫాన్లు పొలాన్ని మింగేశాక జత గుర్రాల్నీ అమ్ముకున్నాడు. వాటిని కొన్నవాడు తోలుకుపోతుంటే గుర్రాల కొట్టం వెనక్కి వెళ్లి ఏడ్చాడు. ఆ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు.

"అయితే మీరు ఆ జంతువుల్ని కాపాడే సంఘం వాళ్లా? సినిమాల కోసం గుర్రాల్ని చంపేస్తున్నారని పేపర్లో రాస్తున్నారుగా."

ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"అలాగే అనుకో" అంది.

"ఒక్క సీను కోసం దాన్ని ఎన్నిసార్లు పడేస్తారమ్మా?"

"ఒక్కసారే తీశారు. బ్రహ్మాండంగా వచ్చిందని డైరెక్టరు చప్పట్లు కొట్టాడట. ఇక రెండోసారి అక్కర్లేకపోయింది."

"పోనీలెండి. అంతవరకూ దాని అదృష్టం."

మిసెస్ ట్రస్కాట్ అతని మొహంలోకి అదోలా చూసింది.

"ఇవాళ సాయంత్రంతో ఈ ఊళ్లో ఆట ఆఖరట. తరవాత ఇంకో ఊరు. ఒక్క ఆటైనా జనం దానికి చప్పట్లు కొట్టకుండా ఉంటే చూడాలనుంది నాయనా. నీకు పుణ్యముంటుంది."

లెస్టర్ కత్తెర అందుకున్నాడు. ఇది తెలివితక్కువ పనని తెలుసు. అయినా చేశాడు. కొట్టం గుర్తొచ్చాక ఇంకేం ఆలోచించలేకపోయాడు.

సాయంత్రం ఆటకి హాలు కిటకిటలాడింది. మిసెస్ ట్రస్కాట్ ఈసారి ప్రొజెక్టర్ గదిలోంచే చూస్తానంది. రడ్ కొండవాలు మీదికి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తరవాత బూట్లతో నేల దద్దరిల్లింది.

"పడే సీనేదిరా?"

"టికెట్టు డబ్బులు మింగింది చాలక సీను కూడా మింగారా?"

పాప్‌కార్న్ పొట్లాలు తెరకి తగిలాయి. హాలు యజమాని డ్వైట్ హగ్గిన్స్ మెట్లమీద రొప్పుకుంటూ వచ్చిపడ్డాడు.

"ఏరా, ఇదేమన్నా నీ తాతగారి సినిమా అనుకున్నావా? ముక్కేది?"

"నేనే తీశానండీ. గుర్రం పాపం అనిపించి..."

"గుర్రం పాపమా? రేపట్నుంచి నీ పెళ్లాంబిడ్డలు పస్తులుంటే పాపం కాదూ? అతికించి ఆ రీలు మళ్లీ వెయ్. లేదా అటునుంచి అటే ఇంటికి పో."

గోడవారగా నిలబడ్డ ఆవిణ్ని అప్పుడు చూశాడు హగ్గిన్స్.

"ఈవిడేంటి ఇక్కడ? కల్లాహన్‌గారు ఇక్కడికి రారు తల్లీ. ఇంటికెళ్లి ప్రార్థన చేసుకో" అంటూ దిగిపోయాడు.

లెస్టర్ ఆవిడ వైపు చూడలేకపోయాడు. సిగ్గేసింది. పిరికితనానికి పెళ్లాంబిడ్డల పేరు పెట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. ముక్క చివర్లు గీకి, జిగురు రాసి, అతికించాడు. రీలు మళ్లీ తిరిగింది.

గుర్రం పడింది. హాలంతా లేచి నిలబడి ఈలలేసింది. దక్కదనుకున్నది దక్కింది కదా, చప్పట్లు ఇంకా ఎక్కువ కొట్టారు. గోడలోని చిన్న కిటికీకి మొహం ఆనించి చూస్తున్న మిసెస్ ట్రస్కాట్ భుజాలు వణికాయి. లెస్టర్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఊరుకోండమ్మా. మనుషుల కోసమే ఎవరూ ఏడవని రోజుల్లో మీరు మూగజీవం కోసం ఏడుస్తున్నారు. అయినా దానికేం కాలేదు, మీరే చూశారుగా. లేచి ఎలా పరుగెత్తిందో."

"గుర్రం లేచింది నాయనా, హీరో బదులు దానిమీదున్న నా కొడుకే లేవలేదు."