నాన్నకు నచ్చిన చోటు

కారు దిగీ దిగగానే ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ఎదురొచ్చాడు.

"ఆ సంచీ మీ నాన్నగారిదే కదూ?" అన్నాడు.

అక్క సంచీని గుండెకు హత్తుకుంది. అందులో నాన్న ఉన్నాడు. అంత మనిషీ మూత బిగించిన డబ్బాలో గుప్పెడు బూడిదై ఉన్నాడు.

"మీరెవరండీ?" అన్నాడు తమ్ముడు.

"ఆదివారాలు ఇక్కడే కలిసేవాళ్ళం బాబూ. మీరొస్తున్నారని ఆఫీసులో చెప్పారు."

కలిసే ఉంటారు. నాన్నకు చెట్టూ పుట్టా అంటే ప్రాణం. వాచీలు బాగుచేసే కొట్టు నడిపినన్నాళ్ళూ ఆదివారం వస్తే చాలు, ఈ కొండెక్కేవాడు. "ఈ రోజుల్లో వాచీలెవరు పెట్టుకుంటున్నారు" అని నాలుగేళ్ళ కిందట కొట్టు మూసేశాక కూడా ఆదివారం మాత్రం మానలేదు. పిల్లల్ని వెంట రానిచ్చేవాడు కాదు. మీరొస్తే ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారని దెప్పేవాడు. ఒక్కడే ఉండే ఇంటికి తిరిగొచ్చాక అక్కకు ఫోన్ చేసి, పైనుంచి కనబడిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. అక్క చేసే పని ఆపి మరీ వినేది.

అలాంటి నాన్నను ఎక్కడ ఉంచాలన్న దగ్గర అక్కకూ తమ్ముడికీ ఇన్నాళ్ళూ పడలేదు. తన ఫ్లాట్ ఎదురుగా ఉన్న పార్కు చాలన్నాడు తమ్ముడు.

"నీకు పార్కింగ్ సులువని నాన్నని అక్కడ పెడతావా?" అని అక్క నాలుగు దులిపాక దారికొచ్చాడు.

కొండను చూసుకునే ఆఫీసు వాళ్ళు ఒక్క మొక్క నాటడానికే అనుమతి ఇచ్చారు. దాని మొదట్లో మట్టిలో బూడిద కలిపేశాక ఇక మార్చేది లేదు. తప్పుచోట పెడతానేమోనని వారం రోజులుగా అక్కకు అన్నం సయించలేదు.

"ఎక్కడ పెడుతున్నారమ్మా?" అడిగాడు పెద్దాయన.

"పైన. కొండ కొమ్మున."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"పైన వద్దమ్మా. కింద వాగు దగ్గర పెట్టండి. ఈమధ్య ఆయనకు అక్కడే బాగుండేది. నీళ్ళ చప్పుడు, తడి మట్టి వాసన. కూర్చుంటే లేచేవారు కాదు."

తమ్ముడు వాగు వైపు ఓ చూపు విసిరాడు.

"అక్కడేముందండీ, పొదలు తప్ప? చూడ్డానికి ఏమీ లేదు."

"చూడ్డానికి లేదు. నిజమే," అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ మొక్కా, గునపం పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. పెద్దాయనా వెనకే బయల్దేరాడు.

"జిడ్డులా పట్టుకున్నాడేంటే," గొణిగాడు తమ్ముడు.

"ఊరుకో, వింటాడు," అంది అక్క. ఆవిడకూ లోపల విసుగ్గానే ఉంది.

పైకి చేరేసరికి ఆ విసుగంతా ఎటుపోయిందో! అంతా నాన్న చెప్పినట్టే ఉంది. అక్క కళ్ళు చెమర్చాయి. నాన్న గొంతు పక్కనే వినబడుతున్నట్టుంటే, ఆయన చెప్పిన వరసలోనే వేలితో చూపించడం మొదలుపెట్టింది.

"అదిగోరా వంతెన. దాని పక్కన నీళ్ళ ట్యాంకు. ట్యాంకు వెనక..."

"పెంకుటిళ్ళ వరస. ఆ చివరి డాబా మీద ఎప్పుడూ ఆరేసిన దుప్పట్లే," వెనక నుంచి పూర్తిచేశాడు పెద్దాయన.

అక్కకు చిర్రెత్తుకొచ్చింది. నాన్న తనొక్కదానికే చెప్పాడనుకున్న మాటలవి.

"అవి మా నాన్న మాటలు. మీకెలా తెలుసు?"

"ఇక్కడ నిలబడి అనుకున్నవే కదమ్మా."

తమ్ముడు మధ్యలోకి వచ్చాడు.

"పెద్దాయనా, ఇది ఇంటివాళ్ళ పని. ఏమీ అనుకోకుండా కాస్త కిందికి వెళ్తారా?"

పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సంచీ వంక చూశాడు.

"అలాగే బాబూ," అని వెనుదిరిగాడు.

గొయ్యి తవ్వారు. మొక్క నాటి బూడిద కలిపారు. మట్టి సర్దుతుంటే అక్కకు ఏడుపు ఆగలేదు, కానీ మనసు కుదుటపడింది.

"ఇక నీ ఇష్టం నాన్నా. ఎంతసేపు చూసుకుంటావో చూసుకో," అంది.

దిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ పెద్దాయన్ని తరిమేసినట్టయిందే అని మనసు పీకింది. చూసి ఒక్క మంచి మాటైనా చెబుదామనుకుంది. గేటు దగ్గర ఆయన లేడు. టికెట్లిచ్చే ఆవిడ ఒక్కతే ఉంది.

"టోపీ పెట్టుకున్న పెద్దాయన ఏరండీ?"

"ఇప్పుడే బస్సెక్కారమ్మా."

"మళ్ళీ ఆదివారం వస్తారుగా?"

"ఇక రానన్నారు. వచ్చి ఎవరికి చెప్పను, అన్నారు."

"ఏం చెప్పడం?"

టికెట్లావిడ అక్కనూ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది.

"అదేంటమ్మా, మీకు తెలీదా? చూపు పోయిన ఈ నాలుగేళ్ళూ మీ నాన్నగారి కళ్ళు ఆయనే."